జేబు పిన్ని పలక మీద సున్నా

మా వీధిలో కరెంటు పని దగ్గరికి ఎవరు వెళ్ళినా ముందు ఒక చెయ్యి జేబులో దూర్చుకుంటారు. మీటరు పెట్టె తెరిచి చూసే ముసలాయన దగ్గర్నుంచి, మిక్సీ ఎందుకు తిరగడం లేదా అని తొంగిచూసే కొత్త కోడలి దాకా అందరిదీ అదే వరస, జేబు లేకపోతే కొంగు చాటున. బయటి నుంచి వచ్చినవాళ్ళు చూసి, ఈ వీధి మొత్తానికి ఒకే చెయ్యి పడిపోయిందేమో అని జాలిపడి వెళ్ళిపోతారు. నేను పది చెబితే అందులో నాలుగే నిజమని నాకో పేరుంది గానీ, ఈ మాటలో పదికి పదీ నిజమే.

ఆ అలవాటు వీధికి అంటించింది జేబు పిన్ని. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఆవిడకి ఉంది. అది కార్డుల మీద ఉంటుంది, మనుషుల నోళ్ళలో ఉండదు. మనిషి ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. గొంతు విప్పితే మాత్రం మూడో అంతస్తులో ఆరేసిన బట్టలు జారి కింద పడతాయి. ఆ గొంతుతో ఆవిడ పదకొండేళ్ళుగా ఆదివారం పొద్దున పూట లైబ్రరీ వెనక గదిలో పాఠం చెబుతోంది. రేడియోలు, చిన్న ఆంప్లిఫయర్లు, కుండీలో తడి ఆరిపోతే కూత పెట్టే యంత్రాలు, ఇలాంటివి సరదాకి తయారుచేసుకునే పెద్దవాళ్ళకి. అయితే మొదటి నెలంతా ఎవరూ ఏమీ తయారుచెయ్యరు. చావకుండా ఉండడం ఎలాగో నేర్చుకుంటారు.

పిన్ని కథ ఆవిడకి పందొమ్మిదేళ్ళప్పుడు మొదలైంది. రేడియోలు చేసే ఫ్యాక్టరీలో టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ బల్ల దగ్గర అప్పటిదాకా ఆడమనిషి కూర్చోలేదు. మేస్త్రీ ముసలాయన. ఆయన కనుబొమ్మల మీద టంకం పొగ పట్టి అట్టకట్టి ఉండేదట. మొదటిరోజే అడిగాడు.

"అమ్మాయ్, నీకెన్ని చేతులు?"

"రెండండీ."

"కరెంటున్న పెట్టెలో చెయ్యి పెట్టాల్సి వస్తే ఒకటే. రెండోది జేబులో."

"ఎందుకండీ?"

"రెండు చేతులూ పెట్టావనుకో, ఇటునుంచి ఎక్కిన కరెంటు అటునుంచి దిగుతుంది. దారి మధ్యలో నీ గుండె ఉంది. ఒక చెయ్యి దాచేస్తే గుండె మీదుగా ఆ దారి మూసేసినట్టు."

"బాగుందండీ. నాకు జేబు లేదు."

 ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ అదే మాట చెబుతున్నాడు. విన్నవాళ్ళంతా ప్యాంట్లు వేసుకున్న మగవాళ్ళే. జేబు లేని మనిషి ఆ బల్ల దగ్గరికి వస్తుందని ఆయనకి కలలో కూడా తట్టలేదు. తల గోక్కుని, "దాన్ని నువ్వే చూసుకో" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం పిన్ని ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న దర్జీ దగ్గరికి వెళ్ళి, ఏప్రాన్‌కి ఎడమవైపు ఒక జేబు కుట్టమంది. అతనికి అప్పటికి మీసాలు సరిగా రాలేదు. "ఒకటేనా? జేబులు జంటగా ఉంటాయండీ" అన్నాడు. "దాచాల్సిన చెయ్యి ఒకటే" అంది ఈవిడ. అతను ఆ జేబు మోచెయ్యి మునిగేంత లోతుగా కుట్టాడు. కుట్టు గట్టిగా ఉందా లేదా అని వారం వారం వచ్చి చూసుకునేవాడు. ఆ జేబు ఏమైపోతుందోనని అంత బెంగ ఎందుకో ఫ్యాక్టరీ మొత్తానికి అర్థమైంది, ఆ ఇద్దరికీ తప్ప. రెండేళ్ళకి వాళ్ళకీ అర్థమై పెళ్ళి చేసుకున్నారు. ఆ దర్జీయే ఇప్పటి మా దర్జీ బాబాయ్.

"మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క జేబే" అని బాబాయ్ ఇప్పటికీ అంటాడు. "అది కూడా ఆవిడదే."

ఇరవై ఆరేళ్ళు ఆ బల్ల దగ్గర పనిచేసింది పిన్ని. ఒంటిచేత్తో ఆవిడ సరిచూసిన రేడియోలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మేఘాలకి అడ్డం వచ్చేవి. ఆ ఇరవై ఆరేళ్ళలో ఆవిడకి గానీ, ఆవిడ నేర్పిన వాళ్ళకి గానీ ఒక్క షాకు తగల్లేదు. ఫ్యాక్టరీ మూసేశాక ఇంట్లో కూర్చోలేకపోయింది. ఇల్లంటే ఒకటే గది. అందులో సగం కుట్టుమిషను, మిగతా సగం గుడ్డ ముక్కలు. అందుకే లైబ్రరీ వెనక, చిరిగిన పుస్తకాలు పడేసే గదిని అడిగి తీసుకుంది. నేలమీద రబ్బరు చాప పరిచింది. గోడకి పొడి చెక్క బల్ల బిగించింది. కరెంటు కాస్త దారి తప్పితే టక్కుమని ఆపేసే ట్రిప్పర్ పెట్టించింది. తలుపు పక్కన మేకుకి చిన్న పలక తగిలించి దానిమీద సుద్దతో రాసింది: ఈ గదిలో షాకులు, సున్నా.

ఆ సున్నాని ఆవిడ చూసుకున్నట్టు ఎవరూ కన్నబిడ్డని కూడా చూసుకోరు. ప్రతి ఆదివారం పాత సున్నా తుడిచి, అంతకంటే గుండ్రంగా కొత్తది రాసేది.

గదిలోకి వెళ్ళగానే విప్పుడు బుట్ట ఉంటుంది. ఉంగరాలు, గొలుసులు, గాజులు, వాచీలు అన్నీ అందులో పడాలి. వేలికి బిగుసుకుపోయి ఉంగరం రాకపోతే సబ్బు రాసి లాగుతుంది. సబ్బుకీ రాకపోతే, "వేలు ముఖ్యమా ఉంగరం ముఖ్యమా ఆలోచించుకుని పై ఆదివారం రా" అని పంపేస్తుంది. తర్వాత ఏప్రాన్. అన్నీ బాబాయ్ కుట్టినవే, అన్నిటికీ ఎడమవైపు ఒకటే లోతు జేబు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కుట్టిన మొదటి దాని కొలత కాగితం ఆయన ఇంకా దాచుకున్నాడు.

పాఠాలు కూడా ఆవిడ పద్ధతిలోనే ఉంటాయి. "ప్లగ్గు పీకేశాం, ఇంక భయమేముంది అనుకోకండి. లోపల కెపాసిటర్ ఉంటుంది. అది మా అత్తగారి కోపం లాంటిది. గొడవ అయిపోయినా లోపల నిలవ ఉంటుంది. దాన్ని రెసిస్టర్ పెట్టి మెల్లిగా దించాలి, స్క్రూడ్రైవర్ పెట్టి కెలక్కూడదు" అంటుంది. మీటరు తీసుకుంటే, "ముందు మీటరు బతికుందో లేదో చూడు. కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడు, తర్వాత నీ పెట్టెలో చూడు, మళ్ళీ మొదటి చోట చూడు. చచ్చిన మీటరు అన్నిటినీ చచ్చిపోయాయనే చెబుతుంది" అంటుంది. పని జరుగుతున్నంత సేపూ ఒకరు స్విచ్చి దగ్గర కాపలా కూర్చోవాలి. ఆ మనిషి ముక్కు దురదపెట్టినా గోక్కోకూడదు.

కొత్తగా చేసిన ఏ వస్తువునీ ఆవిడ నేరుగా గోడ ప్లగ్గులో పెట్టనివ్వదు. మధ్యలో ఒక పెద్ద పాతకాలం బల్బు ఉంటుంది. కరెంటు ఆ బల్బు గుండా వెళ్ళి వస్తువుకి చేరాలి. వస్తువు బాగుంటే బల్బు ఏదో మొహమాటానికి కాస్త వెలుగుతుంది. లోపల ఎక్కడైనా తీగలు కలిసిపోతే, పేలాల్సిన దెబ్బంతా బల్బు మింగేసి భగ్గున వెలుగుతుంది. "కానీ గుర్తుపెట్టుకోండి, ఈ బల్బు కాపాడేది వస్తువునే, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ట్రిప్పరు, చాప, జేబు, ఆ పైన బుర్ర" అని వారానికోసారి అరుస్తుంది.

నేనూ వెళ్ళే ఆ క్లాసులో ఒకరోజు చేరాడు కటింగన్న. మా వీధి మూల సెలూను అతనిది. షాపులో ఫోనులో పాట పెడితే దోమ ఏడ్చినట్టు వినపడుతోందని, సొంతంగా ఆంప్లిఫయర్ చేసుకోవాలని సరదా పుట్టింది. ఆ చేతిలో కత్తెర ఆడితే చూడడానికి జనం ఆగిపోతారు. అదే మనిషి క్లాసులో టంకం పెడితే బల్లమీద పిచ్చుకలు రెట్ట వేసినట్టుండేది. స్క్రూ బిగిస్తే స్క్రూ తిరిగేది కాదు, ఇతను తిరిగేవాడు.

"తమ్ముడూ, గడ్డం గీసేటప్పుడు కూడా ఇలాగే వణికిస్తావా?" అని అడిగింది పిన్ని.

"అక్కడ వణకదక్కా. ఇక్కడే వణుకుతుంది."

"నా మొహం చూసి భయమా?"

"మొహం కాదక్కా, గొంతు."

అందరం నవ్వాం. అసలు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇలా నాలుగు నెలలు గడిచాక లైబ్రరీ మేడం ఒకరోజు మధ్యాహ్నం కాగితం పట్టుకుని పిన్ని ఇంటికి వచ్చింది. మనసు వెన్న, కానీ కాగితం మీద సంతకం కనపడితే వణికిపోయే మనిషి. ముందు హాల్లో పేపరు చదువుకునే పెద్దమనిషి ఎవరో, ఆదివారం ఆదివారం వెనక నుంచి కాలిన వాసన వస్తోందని, లైబ్రరీ తగలబడేలా ఉందని పైఆఫీసుకి రాసి పెట్టాడట.

"అది టంకం పొగ మేడం" అంది పిన్ని.

"నాకు తెలుసండీ. కానీ పైనుంచి ఇన్‌స్పెక్టర్ని పంపుతున్నారు. ఈ ఆదివారమే. ఆయన ప్రమాదం అని రాస్తే గది మూసెయ్యాలి. ఇంక నా చేతుల్లో ఉండదు."

పిన్ని మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం వీధిలో ఎవరూ అంతకుముందు చూడలేదు, అందుకే అది నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. ఇంట్లో బల్ల వెయ్యడానికి చోటు లేదు. ఇంకో గది ఇచ్చేవాళ్ళు లేరు. ఆ గది పోతే పాఠం పోయినట్టే, పిన్ని మళ్ళీ గుడ్డ ముక్కల మధ్య ముడుచుకుని కూర్చోవాల్సిందే.

ఆదివారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొడుగాటి మనిషి. నవ్వు అనేది ఆయన ఉద్యోగంలో చేరేటప్పుడే ఆఫీసులో అప్పగించి వచ్చినట్టున్నాడు. ఎక్కడ వేలు పెట్టి చూసినా దుమ్ము కూడా దొరకలేదు. చాప ఎత్తి చూశాడు. ట్రిప్పర్ బటను నొక్కి చూశాడు, టక్కుమంది. ప్లగ్గులన్నీ విప్పించాడు. చివరికి తలుపు దగ్గర ఆగి పలక చదివాడు.

"పదకొండేళ్ళుగా సున్నాయేనా?"

"అవును సార్" అంది పిన్ని. ఆ క్షణంలో ఆవిడ ఐదడుగుల ఎనిమిదంగుళాలు ఉంది.

"అందరూ ఇదే చెబుతారు. ఏదీ, కరెంటు ఉండగా కొలత ఎలా తీస్తారో మీ వాళ్ళలో ఒకరితో చేయించండి. మీరు కాదు."

బల్లమీద ఉన్నది కటింగన్న సగం చేసిన ఆంప్లిఫయర్ పెట్టె ఒక్కటే.  పిన్ని బల్బు బోర్డు తగిలించి, తనే స్విచ్చి కాపలాకి కూర్చుంది. కటింగన్న ఉంగరం బుట్టలో వేశాడు. మీటరు బతికుందని చూశాడు. కరెంటు ఆపి ఉండగానే మీటరు నల్ల తీగని లోపల క్లిప్పుతో తగిలించాడు. ఎడమ చెయ్యి జేబులో మోచేతి దాకా దించాడు. కుడి చేత్తో ఎర్ర తీగ పట్టుకున్నాడు. పిన్ని స్విచ్చి వేసింది. బల్బు కాస్త మినుకుమంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఎర్ర తీగ ముల్లు స్క్రూ మీద ఆనింది. వణికింది. జారింది. పక్క స్క్రూకీ దీనికీ మధ్య అడ్డంగా పడింది.

బల్బు భగ్గుమంది. వీధి చివర కోడి మళ్ళీ తెల్లారిందనుకుని కూసిందంటే నమ్మండి. రెప్పపాటులో పిన్ని స్విచ్చి కట్టేసింది. పేలుడు లేదు, మంట లేదు, ఫ్యూజు కూడా పోలేదు. కటింగన్న ఎడమ చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

"తగిలిందా?" అంది పిన్ని.

"లేదక్కా. ఏమీ తగల్లేదు."

 ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు.

అప్పుడు దర్జీ బాబాయ్ గుమ్మంలోంచి మెల్లిగా అన్నాడు. "ఒరేయ్, నువ్వు నాకు కటింగ్ చేసేది ఏ చేత్తోరా?"

"ఎడమచేత్తో బాబాయ్."

"అన్నం?"

"దానికీ ఎడమే."

"మరి ఇక్కడ కుడిచేత్తో ఎందుకు చేస్తున్నావ్?"

కటింగన్న తెల్లమొహం వేశాడు. "జేబు ఎడమవైపే ఉంది కదా బాబాయ్. రూలు కదా."

 ఇరవై ఏళ్ళుగా మా వీధిలో ప్రతి తలా ఆ ఎడమచేతి కిందే వంగింది. వంగని వాళ్ళెవరూ లేరు. అద్దంలో ఆ చేతిని అందరం చూశాం. నాలుగు నెలలుగా అతను చేతకాని చేత్తో కుస్తీ పడుతుంటే, మొద్దు అనుకున్నామే గానీ ఒక్కరికీ తట్టలేదు. దాచాల్సింది ఒక చేతిని, అది ఎడమదే కానక్కర్లేదు అని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని పిన్నికీ తెలియలేదు.

పిన్ని బాబాయ్ వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పొద్దా?"

"ఎడమవైపు అన్నావ్, ఎడమవైపు కుట్టా. జంటగా కుడతానంటే వద్దన్నదెవరు?"

"అది ముప్పై ఏడేళ్ళ కిందటి మాట."

"నేనేం మర్చిపోలేదుగా."

ఇంకెవరైనా అయితే ఇన్‌స్పెక్టర్‌తో, చూశారుగా సార్, ఎవరికీ ఏమీ కాలేదు, సున్నా సున్నాయే, అనేవాళ్ళు. అది అబద్ధం కూడా కాదు. షాకు నిజంగానే తగల్లేదు. అక్కడున్న మేమందరం పిన్ని ఆ మాట అంటుందనే ఎదురుచూస్తున్నాం. నేనైతే పెదాలు కదిపి అందించాను కూడా.

పిన్ని మా వైపు చూడలేదు. "సార్, ఇది అతని తప్పు కాదు, నాది" అంది. "మా మేస్త్రీకి నాకు జేబు లేదన్న సంగతి కనపడలేదు. ఆయన్ని ఇన్నేళ్ళూ వేళాకోళం చేశాను. ఇతను ఎడమచేతివాటమన్న సంగతి నాకు కనపడలేదు. చేతకాని చేత్తో కరెంటు దగ్గర పని చేయించాను. ఇవాళ జారింది ముల్లు. రేపు వేలే జారేది. మీరు రాసుకోవాల్సింది రాసుకోండి."

అని, పలక దగ్గరికి నడిచి సుద్ద తీసుకుంది.  ఆవిడ సున్నాని తుడవలేదు. దాని కింద ఇంకో వరస రాసింది: తప్పులు, ఒకటి. పక్కన తేదీ వేసింది. ఒక్క అక్షరం వంకరపోలేదు.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి ఆ కొత్త వరస చదివాడు. పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"నేను తిరిగే చోటల్లా గోడల మీద సున్నాలే ఉంటాయమ్మా" అన్నాడు. "సున్నాలు చూసి చూసి కళ్ళు పోయాయి. ఎందుకంటే ఏదైనా జరిగితే ఎవరూ రాయరు. ఒకటి రాసిన గోడ ఇదే చూడడం."

"అంటే మూసేస్తారా సార్?" అని అడిగాడు కటింగన్న. 

"కిటికీ ఎప్పుడూ తెరిచి ఉంచండి, పొగ పోతుంది. ఏప్రాన్లకి రెండువైపులా జేబులు ఉండాలి. ఈ రెండూ షరతులుగా రాస్తున్నా. గది ఉంటుంది." కాగితం మేడం చేతికిచ్చి, గుమ్మం దగ్గర బాబాయ్‌ని చూసి ఆగాడు. "మా ఆఫీసు కుర్రాళ్ళకి ఒక పాతిక కుట్టగలరా?"

"జేబులెన్ని సార్?"

"రెండు."

"ఇన్నేళ్ళకి ఒక్కరన్నా నా మాట విన్నారు" అన్నాడు బాబాయ్.

లైబ్రరీ మేడం ఆ కాగితం నాలుగుసార్లు చదివింది. ఐదోసారి పిన్నికి చదివి వినిపించింది. పిన్ని ఏడ్చిందని వీధిలో అనుకుంటారు. నేను అక్కడే ఉన్నాను, ఏడవలేదు. టంకం పొగ కళ్ళలో పడిందంది. ఆ సమయానికి టంకం ఎవరూ పెట్టడం లేదనుకోండి.

తర్వాతి ఆదివారం కటింగన్న కొత్త ఏప్రాన్ వేసుకుని, కుడి చెయ్యి జేబులో పెట్టి, ఎడమ చేత్తో టంకం పట్టాడు. ఒక్కో చుక్కా ముత్యంలా కూర్చుంది. నాలుగు నెలల్లో అవనిది రెండు గంటల్లో అయిపోయింది. పిన్ని భూతద్దం పెట్టి ప్రతి చుక్కా చూసింది, ఒక్క వంకా దొరకలేదు. దొరకనందుకు కాస్త చిరాకు కూడా పడినట్టుంది. బల్బు మొహమాటంగా మినుకుమంది, ఆంప్లిఫయర్ పాట అందుకుంది.

ఇప్పుడది సెలూనులో అద్దం పైన ఉంది. సగం గడ్డం గీసిన మనిషిని కూడా ఆపి, దాని లోపల టంకం చుక్కలు చూపిస్తాడు కటింగన్న. చూపించేముందు ప్లగ్గు పీకుతాడు, కాసేపు ఆగుతాడు, కెపాసిటర్ దించుతాడు, మీటరుతో చూస్తాడు. ఈలోపు సబ్బు నురగ ఎండిపోయి ఆ మనిషి మొహం సున్నం వేసిన గోడలా అవుతుంది. అయినా ఒక్కరూ విసుక్కోరు. మా వీధిలో అందరికీ తెలుసు, ఆ పెట్టె మా పిన్ని బల్ల మీద పుట్టిందని.

పలక ఇంకా అదే మేకుకి ఉంది. పై వరసలో సున్నా, ఎప్పటికంటే గుండ్రంగా. కింది వరస ఇప్పుడు ఏడుకి వచ్చింది. ఎవరు ఏం పొరపాటు చేసినా వాళ్ళే వెళ్ళి రాసుకుంటారు, అందరూ చుట్టూ చేరి అదెలా జరిగిందో చెప్పించుకుంటారు. ఆ ఏడింట్లో మూడు పిన్నివి. ఎవరూ చూడనివి కూడా ఆవిడే చెప్పి రాసింది.